పాత సముద్రతీర గోల్ఫ్ కోర్సును బాగుచేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

వందేళ్లు దాటిన సముద్రతీర గోల్ఫ్ కోర్సుకు మరమ్మతు చేస్తారని వార్త రాగానే వాదన మొదలవుతుంది. ముట్టుకుంటే పాడవుతుందని కొందరు అంటారు. కాలం మారింది కాబట్టి మొత్తం తవ్వి కొత్తగా కట్టాలని ఇంకొందరు అంటారు. నా పక్షం ముందే చెప్పేస్తాను. ఇలాంటి చోట తీసేయాల్సినవే ఎక్కువ, కొత్తగా పెట్టాల్సినవి చాలా తక్కువ. ఎందుకు అలా అంటున్నానో కింది జవాబుల్లో ఉంది.

లింక్స్ అంటే ఏమిటి? సముద్రం పక్కన ఉన్న ప్రతి కోర్సూ లింక్సేనా?

కాదు. లింక్స్ అన్నది నేల పేరు. మిట్ట, గట్టు అనే అర్థమున్న పాత ఇంగ్లిష్ మాట నుంచి వచ్చింది. వేల ఏళ్ల క్రితం సముద్రం వెనక్కి జరిగినప్పుడు మిగిలిన ఇసుకను గాలి దిబ్బలుగా పోసింది. ఆ దిబ్బలకూ పంట పొలాలకూ మధ్యన ఉండే ఎగుడుదిగుడు నేలే లింక్స్. దున్నడానికి పనికిరాదు కాబట్టి గొర్రెలకూ కుందేళ్లకూ వదిలేశారు. అవి మేసి మేసి గడ్డిని పొట్టిగా, గట్టిగా ఉంచాయి. ఎంత వాన పడినా నీరు ఇసుకలోకి ఇంకిపోతుంది. బంతి గాల్లో వెళ్లే దూరం ఎంత ముఖ్యమో, కిందపడ్డాక దొర్లే దూరమూ అంతే ముఖ్యం.

కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్ సముద్రానికి ఆనుకునే ఉంది, 1919లో మొదలైంది, అందానికి సాటిలేదు. అయినా అది కొండకొమ్ము మీది మట్టినేల, లింక్స్ కాదు. ఈ తేడా మాటల పట్టింపు కోసం చెప్పడం లేదు. ఇసుకనేలకు చేసే వైద్యం వేరు, మట్టినేలకు చేసే వైద్యం వేరు.

ప్రకృతే చేసి ఇచ్చిన కోర్సుకు మరమ్మతు ఎందుకు?

అది కదలకుండా ఉండదు కాబట్టి. బంకర్ అంటే అడ్డంకిగా ఉంచే ఇసుక గొయ్యి. దాన్లోంచి ఆడిన ప్రతి దెబ్బకూ గుప్పెడు ఇసుక ఎగిరి గ్రీన్ (గుంతా జెండా ఉండే నున్నని గడ్డి చోటు) అంచు మీద పడుతుంది. యాభై ఏళ్లకు ఆ అంచు గట్టులా లేస్తుంది, నీరూ బంతీ వేరే దారి పడతాయి. గడ్డి కోసే యంత్రం మలుపు తిరిగే చోట ఏటా కొంచెం లోపలికి తిరుగుతుంది. అలా ఒక తరం గడిచేసరికి గ్రీన్ కుంచించుకుపోయి, మూలలన్నీ గుండ్రబడతాయి. ఒకప్పుడు జెండా పెట్టడానికి అందమైన చోటు ఇప్పుడు రఫ్ అనే పొడవు గడ్డిలో కలిసి ఉంటుంది.

ఎవరూ అంతగా పట్టించుకోని కారణం ఇంకొకటి ఉంది. 1953లో మిక్సోమటోసిస్ అనే జబ్బు బ్రిటన్‌కు చేరి కుందేళ్లను తుడిచిపెట్టింది. మేసే నోళ్లు లేకపోయేసరికి దిబ్బల మీద పొదలు లేచాయి, గోర్స్ ముళ్లకంప కమ్మేసింది. ఈ రోజు పాత లింక్స్ అంటే పసుపు పూల గోర్స్ గుర్తొస్తుంది గానీ, పాత ఫొటోల్లో చాలా చోట్ల బోసి ఇసుకా పొట్టి గడ్డే కనిపిస్తాయి.

వీటన్నిటికీ తోడు మనిషి పోసిన నీళ్లూ వేసిన ఎరువులూ. ఆ సంగతి గడ్డి దగ్గర చెబుతాను.

పునరుద్ధరణ, మరమ్మతు, కొత్త డిజైన్ అన్నీ ఒకటేనా?

మూడూ వేరు. ఒకప్పటి రూపాన్ని వెతికి తిరిగి తేవడం పునరుద్ధరణ. ఉన్న రూపాన్ని చెడకుండా నిలబెట్టడం మరమ్మతు. కొత్త హోల్స్ (మొదటి దెబ్బ కొట్టే చోటు నుంచి గుంత దాకా ఉండే ఒక్కో ఆట భాగం) గీయడం కొత్త డిజైన్. చాలా ప్రాజెక్టుల్లో మూడూ కలిసే ఉంటాయి. కానీ క్లబ్బు ప్రకటనలో మాత్రం "పునరుద్ధరణ" అనే మాటే కనిపిస్తుంది, వినసొంపుగా ఉంటుంది గనక. మీరు సభ్యులైతే ఒక్కొక్క హోల్ పేరు చెప్పి, ఇక్కడ చేసేది మూడింటిలో ఏదని అడగండి. అలా అడిగితే జవాబు దాటవేయడం కష్టం.

ఐర్లాండ్‌లోని లహించ్ మంచి ఉదాహరణ. పాతకాలపు కోర్సు రూపకర్త ఓల్డ్ టామ్ మోరిస్ 1894లో అక్కడ హోల్స్ గీశాడు. 1927లో మరో డిజైనర్ అలిస్టర్ మెకెంజీ వచ్చి మెట్లు మెట్లుగా ఉండే గ్రీన్లు కట్టాడు. అవి మరీ కష్టంగా ఉన్నాయని తర్వాతి దశాబ్దంలోనే చదును చేయించారు. ఆ తప్పును సరిదిద్దడానికి 1999 దాకా ఆగాల్సి వచ్చింది. డిజైనర్ మార్టిన్ హాట్రీ కొన్నేళ్లపాటు పనిచేసి మెకెంజీ స్వభావాన్ని తిరిగి తెచ్చాడు.

ఏ కాలానికి తిరిగి వెళ్లాలి?

అసలు చిక్కు ఇదే. స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సునే తీసుకోండి. 1764 దాకా అక్కడ ఒక ఆట అంటే 22 హోల్స్. ఆ ఏడాది కొన్నింటిని కలిపేసి 18 చేశారు, ప్రపంచమంతా ఆ లెక్కే పాటించింది. ఒకప్పుడు అదే కోర్సును ఎదురు దిశలో కూడా ఆడేవారు. వీటిలో "అసలుది" ఏది?

స్కాట్లాండ్‌లోనే ఉన్న టర్న్‌బెర్రీ కథ ఇంకా తీవ్రమైనది. 1901లో విల్లీ ఫెర్నీ గీసిన కోర్సును రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ వైమానిక స్థావరానికి వాడుకున్నారు. రెండో యుద్ధంలో ఫెయిర్‌వేల (గ్రీన్ దాకా సాగే కోసిన గడ్డి దారుల) మీద కాంక్రీటు రన్‌వేలు పోశారు. యుద్ధం ముగిశాక మెకెంజీ రాస్ (అలిస్టర్ మెకెంజీ కాదు, ఇంకో డిజైనర్) ఆ కాంక్రీటు తీయించి, దిబ్బలను మళ్లీ మలిచి, 1951లో కోర్సును తెరిపించాడు. 1977లో మేటి ఆటగాళ్లు టామ్ వాట్సన్, జాక్ నిక్లాస్ హోరాహోరీగా తలపడింది ఈ రెండో కోర్సు మీదే. అక్కడ 1901కి వెళ్తామంటే అర్థమే లేదు, అందరూ ప్రేమించింది 1951 నాటి దాన్ని.

నేనైతే తేదీని చూడను. కోర్సు తన నేలకు బాగా దగ్గరగా ఉన్న కాలం ఏదో చూస్తాను. ఒక్కో హోల్‌కు ఆ కాలం వేరు కావచ్చు, అందులో తప్పులేదు.

పాత రూపం ఎలా ఉండేదో ఎలా తెలుస్తుంది?

పాత పటాలు, పోస్టుకార్డులు, పత్రికల్లో పడ్డ ఆట వర్ణనలు అన్నీ పనికొస్తాయి. అన్నిటికంటే విలువైనవి విమానం నుంచి తీసిన పాత ఫొటోలు. అమెరికాలోని పైన్‌హర్స్ట్ నంబర్ 2 సముద్రం ఒడ్డున లేదు గానీ ఇసుకనేలే. 2010లో డిజైనర్లు బిల్ కూర్, బెన్ క్రెన్షా అక్కడ పని మొదలుపెట్టినప్పుడు వారికి దారి చూపింది 1943లో తీసిన వైమానిక చిత్రాలు. ఫెయిర్‌వేలు ఎంత వెడల్పుండేవో, వాటి పక్కన గడ్డికి బదులు బోసి ఇసుక ఎక్కడిదాకా ఉండేదో వాటిలో తేటగా కనిపించింది.

కాగితాలు లేకపోతే నేలనే అడగాలి. పూడ్చేసిన బంకర్ మీద గడ్డి రంగు ఎండాకాలంలో తేడాగా కనిపిస్తుంది. సన్నని ఇనుప కడ్డీ దించి చూస్తే పాత గ్రీన్ అంచు ఎక్కడ మొదలైందో చేతికి తెలిసిపోతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ ఆస్కర్నిష్‌ది. స్కాట్లాండ్‌కు పడమట సౌత్ ఉయిస్ట్ దీవిలో 1891లో ఓల్డ్ టామ్ మోరిస్ ఈ కోర్సును గీశాడు. కాలక్రమంలో పశువుల మేతబీడు కింద అది కనుమరుగైంది. 2005లో గడ్డి నిపుణుడొకరు వచ్చి చూసి, దిబ్బల నడుమ గ్రీన్లకు తగిన పల్లాలను గుర్తుపట్టారు. మోరిస్ చేతి పటం లేకుండానే నేల చూసి హోల్స్ పోల్చుకుని, పెద్ద యంత్రాలు దించకుండా గడ్డి కోసి 2008లో కోర్సును తెరిచారు. అది నూటికి నూరుపాళ్లు మోరిస్ గీసిందేనా అన్న వాదన ఉండొచ్చు. మోరిస్ పనిచేసిన తీరు మాత్రం అదే. నడిచి చూడటం, గుర్తు పెట్టడం, నేలను దాని మానాన వదిలేయడం.

బంకర్లను కొన్నేళ్లకోసారి మళ్లీ ఎందుకు కడతారు?

లింక్స్ బంకర్ గోడ ఇటుకతో కట్టింది కాదు. కోసి తెచ్చిన గడ్డి పెళ్లలను ఒకదాని మీద ఒకటి పేర్చి, కొద్దిగా వెనక్కి వాల్చి కడతారు. ఆ గోడ లేకపోతే గాలి ఇసుకను మొత్తం ఎత్తుకుపోతుంది. పెళ్లల్లోని వేళ్లు ఎండిపోతాయి, మట్టి రాలుతుంది, కుందేలు బొరియ పెడుతుంది. ఎండకు ఎదురుగా ఉన్న గోడ ముందుగా కూలుతుంది. అందుకే సెయింట్ ఆండ్రూస్‌లాంటి చోట్ల చలికాలమంతా ఈ పని ఏటా ఎంతోకొంత జరుగుతూనే ఉంటుంది. ఓల్డ్ కోర్సులో బంకర్లే 112.

ఇప్పుడు కృత్రిమ గడ్డి పలకలతో గోడ కట్టే పద్ధతి వచ్చింది. చాలా ఎక్కువ కాలం నిలుస్తుంది, ప్రతిసారీ కొత్త గడ్డి కోయాల్సిన పనిలేదు. దూరం నుంచి తేడా తెలియదు. తక్కువ మంది సిబ్బందితో నడిచే క్లబ్బుకు ఇది వరమే. అయినా చేతితో పెళ్లలు పేర్చే పనివాళ్లు ఉన్నచోట ఆ విద్యను వదులుకోవద్దంటాను. ఒకసారి పోతే నేర్పేవాళ్లు దొరకరు.

గ్రీన్ల వాలు తగ్గిస్తారట. అది పాపం కాదా?

అందరికీ కోపం తెప్పించే ప్రశ్న ఇది. 2012 చివర్లో ఓల్డ్ కోర్సులో పని మొదలైనప్పుడు ప్రపంచమంతటి గోల్ఫ్ ప్రేమికులు మండిపడ్డారు. ఆ పనిలో 11వ గ్రీన్ వెనక ఎడమ భాగాన్ని కాస్త చదును చేయడం ఒకటి. వాలు ఎక్కువై అక్కడ జెండా పెట్టడం కుదరడం లేదన్నది ఆ పని చేయించినవారు చెప్పిన కారణం.

వాలు మారలేదు, మారింది గడ్డి ఎత్తు. ఒకప్పుడు గ్రీన్ల మీద గడ్డి ఇప్పటికంటే పొడవుగా ఉండేది, బంతి నెమ్మదిగా దొర్లేది. గ్రీన్ వేగాన్ని కొలిచే స్టింప్‌మీటర్‌ను ఎడ్వర్డ్ స్టింప్సన్ 1935లో తయారుచేశాడు. 1970ల్లో అది అధికారికంగా వాడుకలోకి వచ్చాక, కొలత పనిముట్టు కాస్తా పోటీ పనిముట్టు అయింది. మా గ్రీన్ వేగం ఇంత అంటే మాది ఇంత అనుకునే రోజులొచ్చాయి. యంత్రాలు గడ్డిని మిల్లీమీటర్ల లెక్కన కోయడం మొదలుపెట్టాయి.

దాని ఫలితం 2015లో ఓపెన్ అనే పెద్ద గోల్ఫ్ పోటీలో అందరూ చూశారు. సెయింట్ ఆండ్రూస్‌లో శనివారం ఈదురుగాలికి గ్రీన్ల మీద ఆగిన బంతులు వాటంతట అవే కదిలాయి. పది గంటలకు పైగా ఆట నిలిచిపోయింది, పోటీ సోమవారం ముగిసింది. గాలి లింక్స్‌కు కొత్త కాదు. ఆ గాలికి ఓర్చుకోలేనంత నున్నగా గ్రీన్‌ను మనమే చేసుకున్నాం.

కాబట్టి నా జవాబు ఇది: ముందు గడ్డిని ఒక మిల్లీమీటరు పెంచి చూడండి. ఏడాది ఆడి చూడండి. అప్పటికీ కుదరకపోతేనే పార పట్టుకోండి. గడ్డి పెంచిన నిర్ణయాన్ని వారంలో వెనక్కి తీసుకోవచ్చు, చదును చేసిన వంపును తిరిగి తేవడం ఎంత కష్టమో లహించ్ చూపించింది.

గడ్డి మారుస్తారా?

మార్చడం కంటే అసలు గడ్డికి చోటివ్వడం అనాలి. చల్లని దేశాల లింక్స్ మీద సహజంగా ఉండేవి ఫెస్క్యూ, బెంట్ అనే రెండు జాతులు. ఫెస్క్యూ ఆకు సూదిలా సన్నగా ఉంటుంది, తిండి తక్కువైనా నీళ్లు తక్కువైనా బతుకుతుంది. నీళ్లూ నత్రజనీ ఎక్కువ పోస్తే పోవా అనే గడ్డి చొరబడుతుంది. అది పచ్చగా మెత్తగా ఉంటుంది, తేలిగ్గా జబ్బు పడుతుంది, ఇంకా నీళ్లు కావాలంటుంది. పోస్తే మరింత పెరుగుతుంది.

ఇందులోంచి బయటపడే దారి నిదానమైనది: ఎరువు తగ్గించడం, ఇసుక చల్లడం, ఫెస్క్యూ విత్తనం మళ్లీ మళ్లీ వేయడం. ఏళ్లు పడుతుంది. వేసవిలో ఫెయిర్‌వే గోధుమరంగుకు తిరుగుతుంది, కోర్సు ఎండిపోయిందని ఫిర్యాదులొస్తాయి. అది ఎండిపోవడం కాదు, ఆరోగ్యం.

నీటి మాటేమిటి?

సముద్రం పక్కనే ఉన్నా తాగే నీరు అక్కడ అరుదు. బోర్లు ఎక్కువ తోడితే ఉప్పునీరు లోపలికి వస్తుంది. పెబుల్ బీచ్‌లో శుద్ధి చేసిన మురుగునీటితో తడుపుతున్నారు. పైన్‌హర్స్ట్‌లో ఇంకా గట్టి పని చేశారు, స్ప్రింక్లర్ల సంఖ్యను 1,150 నుంచి 450కి దించారు. పాతరోజుల్లోలాగా ఫెయిర్‌వే మధ్యలో మాత్రమే తడి, అంచుల వైపు వెళ్లేకొద్దీ పొడి. మరమ్మతు తర్వాత పైపులు పెరిగాయంటే నాకు అనుమానమే.

సముద్రం ఒడ్డును కోసేస్తుంటే కోర్సును బాగుచేసి ఏం లాభం?

నిజాయితీ గల ప్రశ్న. స్కాట్లాండ్ తూర్పు తీరంలోని మాంట్రోజ్‌లో 1562 నుంచే గోల్ఫ్ ఆడిన దాఖలా ఉంది. అక్కడ మూడు దశాబ్దాల్లో సముద్రం సుమారు 70 మీటర్లు ముందుకొచ్చిందని పరిశోధకులు లెక్కగట్టారు. టీలను, అంటే మొదటి దెబ్బ కొట్టే చోట్లను, వెనక్కి జరపాల్సి వచ్చింది.

దారులు మూడున్నాయి. మొదటిది పెద్ద బండరాళ్లు పేర్చడం. వెంటనే ఫలితం కనిపిస్తుంది, కానీ గోడ చివర దాటగానే పక్కనున్న ఒడ్డు మరింత వేగంగా కోసుకుపోవచ్చు. మీ గ్రీన్ నిలిచి పక్కవారి దిబ్బ పోయిందంటే దాన్ని విజయం అనలేం. రెండోది దిబ్బను పెంచడం. మ్యారమ్ అనే గడ్డి దీనికోసమే పుట్టినట్టుంటుంది. ఇసుక మీద పడేకొద్దీ పైకి పెరుగుతుంది, వేళ్లతో ఆ ఇసుకను పట్టి ఉంచుతుంది. ఇంగ్లండ్‌లోని లిథమ్ సెయింట్ ఆన్స్ తీరంలో వాడి పారేసిన క్రిస్మస్ చెట్లను వరసగా పాతిపెడతారు. గాలికి వచ్చిన ఇసుక వాటికి చిక్కి కొత్త దిబ్బ లేస్తుంది. మూడోది వెనక్కి తగ్గడం, అంటే ఒడ్డు అంచున ఉన్న హోల్‌ను లోపలికి తెచ్చుకోవడం. మనసుకు కష్టమే. అయినా పాతికేళ్ల తర్వాత సముద్రం ఎక్కడ ఉంటుందో లెక్క చూసి గీయని ప్లాన్‌కు నేను ఓటు వేయను.

మ్యారమ్ మీద నడవకండి. అది ఉప్పుగాలికి ఓర్చుకుంటుంది, మనిషి పాదానికి మాత్రం ఓర్చుకోదు.

పక్షులు, జంతువుల సంగతి?

దిబ్బలు ఎవరి ఖాళీ స్థలమూ కావు. శాన్‌ఫ్రాన్సిస్కోకు దక్షిణాన షార్ప్ పార్క్ అనే కోర్సు ఉంది. మెకెంజీ గీసింది, 1932లో తెరిచారు, సామాన్యులు ఆడుకునే మునిసిపల్ కోర్సు. అందులోని చిత్తడిలో ఎర్రకాళ్ల కప్ప, శాన్‌ఫ్రాన్సిస్కో గార్టర్ పాము ఉన్నాయి, రెండూ చట్టరక్షణలో ఉన్న జీవులు. వాటికోసం కోర్సు మూసేయాలని ఒకవైపు, పేదవాడికి దక్కిన మెకెంజీ కోర్సును కాపాడాలని ఇంకోవైపు కోర్టుల దాకా వెళ్లారు. రెండు పక్షాలూ విలువైనదాని కోసమే పోరాడాయని నా నమ్మకం.

స్కాట్లాండ్‌లోని అబర్డీన్ సమీపంలో జరిగింది హెచ్చరిక. కదిలే ఇసుక దిబ్బలకు పేరుపడిన ఫోవరన్ లింక్స్ మీద 2012లో కొత్త కోర్సు తెరిచారు. ఇసుక ఎగరకుండా దిబ్బను స్థిరపరిచారు. దిబ్బ కదలడం ఆగిపోయింది, దాని ప్రత్యేకతా పోయింది. 2020లో ఆ భాగం రక్షిత శాస్త్రీయ స్థలమన్న హోదాను కోల్పోయింది. పాత కోర్సు మరమ్మతులో కూడా ఇదే ప్రమాదం ఉంటుంది. పట్టి ఉంచాల్సిన దిబ్బ ఏది, కదలనివ్వాల్సిన దిబ్బ ఏది అని తేల్చేది గోల్ఫ్ డిజైనర్ ఒక్కడే కాకూడదు.

పొడవు పెంచక తప్పదా?

పెద్ద పోటీలు కావాలంటే కొంత తప్పదేమో. మిగతావారికి అక్కర్లేదు. స్కాట్లాండ్‌లోని రాయల్ ట్రూన్‌లో 8వ హోల్ 123 గజాలు. పోస్టల్ స్టాంపంత గ్రీన్ అని దానికి ఆ పేరే పెట్టారు. పెబుల్ బీచ్ 7వ హోల్ ఇంకా చిన్నది. గాలి లేచిన రోజున ప్రపంచ ఛాంపియన్లకు కూడా అక్కడ చేతులు వణుకుతాయి.

పాత హోల్స్ తీసేసి కొత్తవి పెట్టడాన్ని సమర్థిస్తారా?

కొన్నిసార్లు. ఉత్తర ఐర్లాండ్‌లోని రాయల్ పోర్ట్‌రష్‌కు 1951 తర్వాత ఓపెన్ మళ్లీ 2019లో గానీ రాలేదు. ప్రేక్షకులకు స్థలం కోసం పాత 17, 18 హోల్స్‌ను వదులుకున్నారు. పక్కనున్న వ్యాలీ కోర్సు దిబ్బల్లో డిజైనర్ మార్టిన్ ఎబర్ట్ కొత్తగా 7, 8 హోల్స్ పెట్టాడు. పోయిన రెండూ చదునునేల మీదివి, వచ్చిన రెండూ దిబ్బల మధ్యవి. కోర్సు తన నేలకు మరింత దగ్గరైంది. పెబుల్ బీచ్ 5వ హోల్ కూడా అలాంటిదే. మొదట్లో ఆ స్థలం యజమాని అమ్మకపోవడంతో హోల్ లోపలికి వెళ్లింది. తర్వాత స్థలం చేతికి వచ్చాక 1998లో జాక్ నిక్లాస్ దాన్ని సముద్రపు అంచుకు చేర్చాడు.

గ్రీన్ కనపడని హోల్స్‌ను సరిచేయాలా?

సరిచేయడానికి అవి తప్పులు కావు. లహించ్‌లో డెల్ అనే హోల్ రెండు దిబ్బల మధ్య దాక్కుని ఉంటుంది. జెండా ఎటువైపుందో చెప్పడానికి దిబ్బ మీద ఒక తెల్లరాయి పెడతారు, అంతే. ప్రమాదం ఉన్నచోట గంట కట్టండి, మనిషిని నిలబెట్టండి. దిబ్బను కోయకండి.

ఆడనివారికి ఇందులో చోటుందా?

ఉండాలి. ఓల్డ్ కోర్సు మొదటి, చివరి ఫెయిర్‌వేలను అడ్డంగా కోస్తూ గ్రానీ క్లార్క్స్ వైండ్ అనే ఊరి దారి ఇప్పటికీ ఉంది. ఆదివారం మామూలుగా ఆట ఉండదు, జనం పిల్లలతో కుక్కలతో నడుస్తారు. మరమ్మతు పేరుతో కంచెలు వేసి పాత కాలిబాటలు మూయడం నాకు అసలు మింగుడుపడదు. అలాగే ముందువైపు టీలు. స్కాట్లాండ్‌లోని ముయిర్‌ఫీల్డ్ క్లబ్బు మహిళలకు సభ్యత్వం ఇవ్వడానికి 2017లో గానీ ఒప్పుకోలేదు. అలాంటి చరిత్ర ఉన్న ఆటలో, బంతిని తక్కువ దూరం కొట్టేవారి కోసం టీని ఎక్కడో మూలన మొక్కుబడిగా పెట్టడం అన్యాయం. వారికీ వంపులు, గాలి, ఎంపిక ఉండే చోటే టీ కట్టాలి.

కోర్సు మూసేస్తారా? ఎంత కాలం?

పనిని బట్టి ఉంటుంది. బంకర్లు, టీలు అయితే శరత్కాలం నుంచి వసంతం లోపు, కొన్ని హోల్స్ చొప్పున, ఆట ఆపకుండానే చేయొచ్చు. పక్షులు గూళ్లు కట్టే వేళకు యంత్రాలు దిబ్బల్లోంచి బయటకు రావాలి. గ్రీన్లన్నీ తవ్వాలంటే మూయక తప్పదు. ఖర్చు కూడా అంతే. ఎంత ఇసుక కదిపితే అంత, ఎన్ని పైపులు వేస్తే అంత.

పని అయ్యాక ఎప్పుడు ఆడొచ్చు?

తెరిచిన రోజే ఆడొచ్చు గానీ, తీర్పు మాత్రం ఆ రోజే చెప్పకండి. కొత్తగా పరిచిన పెళ్లల అతుకులు మొదటి ఏడాది కనపడతాయి, గ్రీన్లు రాయిలా గట్టిగా ఉంటాయి, దిబ్బ మీద నాటిన మ్యారమ్ గీతలు గీసినట్టు వరసగా కనిపిస్తుంది. రెండు చలికాలాల గాలి వీచాక వరసలు చెదిరిపోతాయి. చలికాలంలో ఫెయిర్‌వే మీద చిన్న చాప వేసి దాని మీంచి కొట్టమంటే విసుక్కోకండి. ఓల్డ్ కోర్సులోనే ఆ నియమం ఉంది.